తెరచాప బండి: అతుకు సంగతి కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో తెరచాప బండ్ల మీద వచ్చిన వ్యాసం ఇంటర్నెట్‌లో చదివాను. ఇంజను లేకుండా, గాలితోనే నేల మీద పరుగెత్తే మూడు చక్రాల బండి గురించి స్కూలు పిల్లలకి కూడా అర్థమయ్యేలా రాశారు. నాకు చాలా సంతోషమేసింది. కానీ తయారీ దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. జీఐ పైపులు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపులు కొని, దగ్గర్లో ఉన్న వెల్డింగ్ షాపులో అతికించుకుంటే ఫ్రేము తయారైపోతుందని రాశారు. ఆ బండిలో కూర్చున్న మనిషి ప్రాణం నిలబడేది ఆ అతుకుల మీదే. అందుకే ఈ ఉత్తరం. పొడుగైంది, అయినా దయచేసి కత్తిరించకుండా వేయండి. సగం చెప్పి వదిలేస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ.

నాది గాజువాక. ఐటీఐలో వెల్డర్ ట్రేడు చదివాను. ఓడల పని, పైపులైన్ల పని చేసి, ఇప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీలో గనుల యంత్రాలు బాగుచేసే వర్క్‌షాపులో ఉంటున్నాను. ఇక్కడికి దక్షిణాన, కారులో గంట లోపే, కంబాల్డా అనే ఊరి పక్కన లెఫ్రాయ్ అనే ఉప్పు సరస్సు ఉంది. వానలు పడితే అందులో పల్చగా నీళ్లు నిలుస్తాయి. ఎండితే ఉప్పు పొర గట్టిపడి, కనుచూపు మేర చెట్టూ పుట్టా లేని మైదానం అవుతుంది. తెరచాప బండ్లు నడిపేవాళ్లు అప్పుడు అక్కడికి చేరతారు. నేనూ నడుపుతాను. మా వర్క్‌షాపులో కొందరు సొంతంగా చేసుకున్న బండ్లకి అతుకుల పని చేసిపెట్టాను.

మీ వ్యాసంలో రికార్డుల గురించి బాగా రాశారు. 2009లో అమెరికాలోని ఐవన్‌పా ఎండు సరస్సు మీద రిచర్డ్ జెంకిన్స్ గంటకి 202.9 కిలోమీటర్లు అందుకోవడం, 2022 డిసెంబరులో దక్షిణ ఆస్ట్రేలియాలోని గెయిర్డ్‌నర్ సరస్సు మీద గ్లెన్ యాష్‌బీ దాన్ని 220 దాటించడం, రెండూ నిజమే. కానీ అవి ఇంజినీర్ల బృందాలు ప్రతి ముక్కకీ లెక్కకట్టి చేసిన బండ్లు. ఆ అంకెలు చదివిన ఉత్సాహంలో మన కుర్రాళ్లు పైపుల షాపుకి వెళతారు. అక్కడ వాళ్లకి లెక్క చెప్పేవాళ్లు ఉండరు. కనీసం ముఖ్యమైన లెక్క ఒక్కటైనా పేపర్లో రావాలి.

ఈ బండి గాలి కంటే వేగంగా పోగలదు. గాలి పక్కనుంచి వీస్తుంటే, బండి పరుగు వల్ల ఎదురొచ్చే గాలి కూడా దానికి తోడవుతుంది. వేగం పెరిగేకొద్దీ తెరచాప మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. దీనికి హద్దు ఎక్కడంటే, గాలి వచ్చే వైపున్న వెనక చక్రం నేల వదిలి లేచేచోట. అంతకంటే ఎక్కువ బలం వస్తే బండి తిరగబడుతుంది కాబట్టి, ఫ్రేము తట్టుకోవాల్సిన బలాన్ని ఆ స్థితిని బట్టి లెక్కకట్టవచ్చు. బండి 50 కిలోలు, మనిషి 70 కిలోలు అనుకుందాం. ముందు చక్రానికీ, గాలి పోయే వైపున్న వెనక చక్రానికీ మధ్య గీత గీస్తే, బరువంతా ఆ గీతకి సుమారు 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. 120 కిలోలని 0.8 మీటరుతో గుణిస్తే 96 వస్తుంది. ఇది దూరం కాదు, కిలోలని మీటర్లతో గుణించిన, బండిని తిరగేసే బలం కొలత. తెరచాప కట్టే నిలువు పైపుని, అంటే మాస్ట్‌ని, తాళ్లతో పక్కలకి లాగి కట్టకుండా గొట్టంలో దూర్చి నిలబెడితే, ఈ బలమంతా ఆ గొట్టం మొదట్లోనే పడుతుంది.

ఇప్పుడు ఆ గొట్టం మనవాళ్లు ఎక్కువగా కొనే ఇంచున్నర పైపు అనుకోండి. బయటి వ్యాసం 48.3 మిల్లీమీటర్లు, మందం 3.2. లెక్క కడితే పైపు గోడలో చదరపు మిల్లీమీటరుకి దాదాపు 20 కిలోల ఒత్తిడి వస్తుంది. మామూలు స్ట్రక్చరల్ పైపు 21 కిలోల దగ్గర శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుంది. అంటే అతుకు ఎంత బాగున్నా, బండి గుంతలో పడితే పని అయిపోయినట్టే. అదే రెండించుల పైపు, 60.3 వ్యాసం, 3.6 మందం వాడితే ఒత్తిడి 11 కిలోలకి దిగుతుంది. బరువు పెరిగేది మీటరుకి కిలోన్నర. ఆ కాస్త బరువు చూసి ఎవరూ వెనక్కి తగ్గొద్దని నా ప్రార్థన. లేదా మాస్ట్‌కి మూడు వైపులా స్టీలు తాళ్లు కట్టుకోండి. అప్పుడు ఆ బలం పైపు మొదట్లో ఒక్కచోటే పడకుండా తాళ్ల మీదుగా ఇరుసుకీ ముందు భాగానికీ పంచుకుంటుంది. అప్పుడు ఆ తాళ్లు కట్టే కొక్కేల వెల్డింగులు కూడా మాస్ట్ అంత ముఖ్యమైనవి అవుతాయి.

ఇక పైపు సంగతి. మీరు రాసిన జీఐ పైపు వద్దు. తుప్పు పట్టదని అందరూ దాన్నే అడుగుతారు. కానీ దాని మీదున్న జింకు 420 డిగ్రీలకే కరుగుతుంది, 907 డిగ్రీలకి మరుగుతుంది. ఇనుము కరగడానికి 1500 డిగ్రీల దాకా కావాలి. ఇనుము కరిగే లోపే జింకు తెల్లటి పొగై లేస్తుంది. అందులో కొంత వెల్డింగులోనే చిక్కుకుని బుడగలు బుడగలుగా రంధ్రాలు చేస్తుంది. పైకి చూస్తే అతుకు నిండుగానే ఉంటుంది, లోపల డొల్ల. పొగ పీల్చిన మనిషికి పనిచేసేటప్పుడు ఏమీ తెలియదు. సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లునొప్పులు, నోట్లో లోహపు రుచి. మర్నాటికి తగ్గుతుంది కాబట్టి చాలామంది ఫ్లూ అనుకుంటారు. పాలు తాగితే పొగ పట్టదని విశాఖలో పెద్ద మేస్త్రీలు అనేవారు. ఇక్కడి వెల్డర్లు కూడా అచ్చం అదే మాట అంటారు. పాలు కడుపులోకి వెళతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడి, సరైన మాస్క్ పెట్టుకుని చేయడం తప్ప వేరే దారి లేదు. ఇంట్లో జీఐ పైపే ఉంది, అదే వాడాలంటే అతుకుకి రెండు వైపులా 5 సెంటీమీటర్ల మేర జింకు పూర్తిగా తీసేయాలి, పైపు లోపలి వైపు కూడా. లోపలి సంగతి అందరూ మర్చిపోతారు. నా సలహా మాత్రం జింకు పూత లేని నల్ల పైపు కొనుక్కుని, వెల్డింగ్ అయ్యాక జింక్ ప్రైమరూ ఎపాక్సీ పెయింటూ వేసుకోవడం.

షాపులో అడిగేటప్పుడు పైపు మీది రంగు పట్టీ చూడండి. పసుపు పట్టీ అంటే పల్చటి రకం, నీలం మధ్యరకం, ఎరుపు మందం. ఇంచున్నర పైపులో పసుపుది 2.9 మిల్లీమీటర్లు, నీలం 3.2, ఎరుపు 4. చేయి తిరగని వెల్డర్ పల్చటి పైపుకి చిల్లు పొడిచేస్తాడు. నీలం పట్టీది తీసుకుంటే నష్టం లేదు. ఇంకొక్క మాట. పైపులు 6 మీటర్ల పొడవున వస్తాయి. ఆటోలో పట్టదని షాపులోనే సగానికి కోయించుకుని తెచ్చి, ఇంటికొచ్చాక మళ్లీ అతికించేవాళ్లని చూశాను. మూడున్నర మీటర్ల బండికి నడుమ పోయే పైపుకి అసలు అతుకే అక్కర్లేదు. ట్రాలీ కిరాయికి ఇంకొంచెం ఎక్కువైనా సరే, పైపుని నిండుగా తెచ్చుకోండి. లేని అతుకు ఎప్పటికీ విరగదు.

ఒక పైపు ఇంకో పైపుకి అడ్డంగా వచ్చి తగిలే చోటే అసలు పని. నడుమ పైపుకి వెనక ఇరుసు పైపు తగిలే చోటు అలాంటిదే. గేట్లు, గ్రిల్సు చేసే షాపుల్లో పైపుని నేరుగా కోసి, గుండ్రటి పైపుకి ఆనించి, మిగిలిన సందులో కడ్డీ ముక్కలు పెట్టి పైనుంచి వెల్డింగ్ పోసేస్తారు. గేటుకి అది సరిపోతుంది. గేటు మనిషిని కూర్చోబెట్టుకుని గంటకి 60 కిలోమీటర్లతో పోదు. పైపు చివరని ఎదుటి పైపు వంపుకి సరిగ్గా ఒదిగేలా చంద్రవంకలా తొలవాలి. అంత పని మా షాపులో కాదు అనే మేస్త్రీకి ఈ పద్ధతి చూపించండి, పది నిమిషాల్లో అవుతుంది.

రెండూ ఇంచున్నర పైపులే, ఒకదానికొకటి లంబంగా తగులుతున్నాయి అనుకుందాం. పైపు చుట్టుకొలత 152 మిల్లీమీటర్లు వస్తుంది. అంత వెడల్పున్న కాగితం తీసుకుని, అడుగున ఒక అడ్డగీత గీసి, దాన్ని 12 భాగాలు చేయండి. ఒక్కో భాగం సుమారు 12.7 మిల్లీమీటర్లు. ప్రతి చోటా ఒక నిలువు గీత గీయండి. మొదటి గీత మీద అడ్డగీత దగ్గరే చుక్క పెట్టండి. రెండో గీత మీద 12 మిల్లీమీటర్ల ఎత్తున, మూడో దాని మీద 21, నాలుగో దాని మీద 24. అక్కణ్నుంచి మళ్లీ కిందికి 21, 12, సున్నా. మిగతా సగం కూడా ఇలాగే. చుక్కలని చేత్తో సాఫీగా కలిపితే రెండు గుట్టల్లాంటి వంకర గీత వస్తుంది. కాగితాన్ని అడ్డగీత పైపు కొనకి సరిపడేలా చుట్టి, ఆ వంకర మీద సుద్దతో గీసుకుని, గీతకీ కొనకీ మధ్య ఉన్నది గ్రైండరుతో కోసేయండి. రెండు పక్కలా చెవుల్లా మిగులుతాయి. ఆ చెవుల లోపలి అంచుని ఆకురాయితో కొంచెం తగ్గించాలి, లేకపోతే అవే ముందు తగిలి మిగతా చోట సందు వదులుతాయి. ఎదుటి పైపు మీద ఆనించి, వెనక టార్చ్ లైటు పెట్టి చూడండి. వెలుతురు సన్నటి గీతలా మాత్రమే కనబడితే కోత కుదిరినట్టు. ఒకచోట వెడల్పుగా కనబడితే ఆకురాయి మళ్లీ పట్టుకోవాలి. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. కోత కుదిరిన పైపులు చెయ్యి వదిలినా కదలకుండా కూర్చుంటాయి.

తర్వాత వెల్డింగ్. 3.2 మందం పైపుకి 6013 రకం వెల్డింగ్ కడ్డీ, 2.5 మిల్లీమీటర్లది, 70 నుంచి 90 ఆంపియర్ల మధ్య చాలు. ముందు నాలుగు దిక్కులా చిన్న చుక్కలు వేసి, మూలమట్టం పెట్టి చూసి, అప్పుడు పూర్తిగా వేయాలి. ఒకేవైపు నుంచి చుట్టూ తిరిగితే వేడికి పైపు ఒక పక్కకి లాగేస్తుంది, చక్రాలు వంకరపోతాయి. ఎదురెదురు పావు భాగాలు మార్చి మార్చి వేయాలి. పైపు రెండు వైపులా మూసుకుపోయే అతుకైతే ఎక్కడో కనబడని చోట 3 మిల్లీమీటర్ల చిల్లు వదలండి. లేకపోతే లోపల వేడెక్కిన గాలి చివరి బొట్టుని బయటికి తన్నేస్తుంది, అక్కడ సూదిమొనంత రంధ్రం మిగులుతుంది. పని అయ్యాక ఆ చిల్లు మూసేయాలి. సముద్రం ఒడ్డున గానీ ఉప్పు సరస్సు మీద గానీ నడిపే బండికి లోపలికి తేమ వెళితే తుప్పు లోపలినుంచి తింటుంది, బయట పెయింటు కొత్తగానే మెరుస్తుంటుంది. ఎర్తింగ్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా పెట్టాలి. చక్రానికి తగిలిస్తే కరెంటు బేరింగుల్లోంచి పోయి గోళీలని గుంటలు చేస్తుంది.

వెల్డింగ్ అయ్యాక దాని మీద గ్రైండరు పెట్టి నున్నగా అరగదీసి, పుట్టీ పూసి, పెయింటు కొట్టడం మన దగ్గర అలవాటు. అతుకు కనబడకపోతే పని నీటుగా ఉన్నట్టు లెక్క. దయచేసి ఇది చేయొద్దు, చేయనివ్వొద్దు. అరగదీసేది బలాన్నే. పైగా పుట్టీ కింద పగులు వస్తే ఎవరికీ కనబడదు.

పొడవు చాలక పైపుకి పైపు నిలువునా కలపక తప్పకపోతే, లోపల ఇంకో పైపు ముక్క దూర్చి అతకాలి. ఇంచున్నర పైపులో ఇంచుంబావు పైపు సరిగ్గా పడుతుందని షాపులో చెబుతారు. ఇంచుంబావు పైపు బయటి వ్యాసం 42.4. నీలం పట్టీ ఇంచున్నర పైపు లోపలి వ్యాసం 41.9. పట్టదు. పసుపు పట్టీది 42.5, అందులో పట్టవచ్చు, కానీ పైపు లోపల పొడవునా సన్నటి వెల్డింగ్ గట్టు ఉంటుంది. వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. దాన్ని ఆకురాయితో తీస్తేనే దూరుతుంది. సుత్తితో కొట్టి దూర్చొద్దు. నీలం పట్టీ పైపుకైతే లోపలి ముక్కని లేత్ మీద తగ్గించుకోవాలి. లోపలి ముక్క ఒక్కో వైపూ కనీసం 10 సెంటీమీటర్లు పోవాలి. బయటి పైపులకి 10 మిల్లీమీటర్ల చిల్లులు వేసి, వాటిలోంచి లోపలి ముక్కకి వెల్డింగ్ పోయాలి. రెండు పైపుల కొనలని నేరుగా కాకుండా ఏటవాలుగా కోసి కలపాలి. ఎందుకంటే వెల్డింగ్ వేడికి దాని పక్కనున్న ఇనుము గుణం కొంచెం మారుతుంది. నేరుగా కోస్తే ఆ మారిన భాగమంతా పైపు చుట్టూ ఒకే వరుసలో ఉంటుంది, పగులు మొదలైతే చుట్టూ తిరిగిపోతుంది. ఏటవాలుగా ఉంటే ఆ బలహీనత పొడవునా పరుచుకుంటుంది. పాతకాలం స్టీలు పైపుల విమానాల మరమ్మతుల్లో కూడా ఇలాగే కోసేవారు.

వెల్డింగ్ అంటే భయపడి కొందరు నీళ్ల పైపుల ఎల్బోలు, టీలు, సాకెట్లు వాడి మరలతో బిగిద్దామనుకుంటారు. ఇది అన్నిటికంటే ప్రమాదం. ఇంచున్నర పైపుకి మర కోస్తే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు లోతు గాడి పడుతుంది. 3.2లో మిగిలేది 1.7. అది కూడా పైపు చుట్టూ పదునైన గాటులా. నీళ్లు కారకుండా ఉండటానికి పుట్టిన అతుకు అది, వంచే బలాన్ని మోయడానికి కాదు. భవనాల పరంజాకి వాడే క్లాంపులు మాత్రం ఒక పనికి బాగా ఉపయోగపడతాయి. పరంజా పైపు వ్యాసం కూడా 48.3 కాబట్టి అవి ఇంచున్నర పైపుకి సరిపోతాయి. వెల్డింగుకి ముందు బండి రూపం నిలబెట్టి, మనిషి కూర్చుని, కాళ్లు స్టీరింగుకి అందుతున్నాయో లేదో, తెరచాప అడ్డకర్ర తలకి తగులుతుందో లేదో చూసుకోవచ్చు. కొలతలు కుదిరాక విప్పేసి పైపులు కోసుకోవాలి. వాటితోనే నడపొద్దు, అదురుకి జారతాయి.

బండిని విప్పి వ్యాను మీద వేసుకోవాలంటే ఇరుసుని బోల్టులతో బిగించాల్సిందే. గుండ్రటి పైపుకి చిల్లు వేసి బోల్టు బిగిస్తే పైపు నొక్కుకుపోయి అండాకారం అవుతుంది, రోజు తిరక్కుండానే వదులవుతుంది. చిల్లు పెద్దది చేసి, లోపల మందపాటి చిన్న గొట్టం ఈ వైపు నుంచి ఆ వైపు దాకా పెట్టి, దాన్ని రెండు వైపులా వెల్డింగ్ చేసి, అందులోంచి బోల్టు పోనివ్వాలి. అప్పుడు ఎంత బిగించినా నొక్కుకోదు. ఇరుసు పైపు పైకీ కిందికీ వంగుతుంది కాబట్టి, ఆ చిల్లులు ముందూ వెనకా ఉండాలి గానీ పైనా కిందా ఉండకూడదు. పైనా కిందా పొడిస్తే ఎక్కువ బలం పడే చోటే ఇనుము తీసేసినట్టు. నట్లు నైలాన్ రింగు ఉన్నవే వాడండి. చక్రం తిరిగే కడ్డీకి ఈఎన్8 అనే, కార్బన్ ఎక్కువున్న గట్టి స్టీలు వాడితే దాన్ని చల్లగా ఉండగానే పైపుకి వెల్డింగ్ చేయొద్దు, పక్కన గాజులా గట్టిపడి పగులుతుంది. పైపులో దూర్చి బోల్టుతో బిగించండి.

అల్యూమినియం గురించి క్లుప్తంగా చెబుతాను. తేలిక అని ఫ్రేము కూడా దానితో చేద్దామనుకుంటారు. 6061 రకం అల్యూమినియాన్ని వెల్డింగ్ చేస్తే పక్కనున్న చోట దాని బలం సుమారు సగానికి పడిపోతుంది, ఫ్యాక్టరీలో మళ్లీ వేడి ప్రక్రియ చేస్తే తప్ప తిరిగి రాదు. అందుకని మాస్ట్‌కి అల్యూమినియం పైపు వాడుకోండి కానీ దాన్ని వెల్డింగ్ చేయకండి, లోపల ముక్క దూర్చి రివెట్లు కొట్టండి. అది స్టీలు గొట్టంలో కూర్చునే చోట మధ్యలో ప్లాస్టిక్ పొర ఉండాలి. ఉప్పు గాలికి రెండు లోహాలు తగులుతుంటే అల్యూమినియం తెల్లగా పొడై రాలుతుంది.

పోయిన ఎండాకాలంలో మా వర్క్‌షాపు కుర్రాడు ఒకడు ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కొచ్చాడు. పసుపు పెయింటు, చూడటానికి బాగుంది. సరస్సుకి తీసుకెళ్లే ముందు ఒకసారి చూడమన్నాడు. మాస్ట్ గొట్టం నడుమ పైపుకి తగిలే చోట, వెల్డింగ్ అంచు వెంబడి పెయింటు మీద వెంట్రుకంత గోధుమరంగు గీత కనబడింది. మురికి అనుకుని గుడ్డతో తుడిచాడు, పోలేదు. పెయింటు గీకి డీపీ టెస్ట్, అంటే రంగు ద్రవంతో పగుళ్లు పట్టే పరీక్ష చేశాం. ఎర్ర ద్రవం పూసి, కాసేపాగి తుడిచి, తెల్ల పొడి కొడితే, లోపల దాగిన ఎరుపు నెమ్మదిగా బయటికి ఊరి గీతలా పరుచుకుంది. పైపు చుట్టుకొలతలో మూడో వంతు పగిలిపోయి ఉంది. కోసి చూస్తే సందులో కడ్డీ ముక్కలు, వాటి మీద ఉత్త పైపూత. ఆ కుర్రాడికి ఇద్దరు చిన్నపిల్లలు. ఆ వారం దాన్ని అలాగే తీసుకెళ్లి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు టెన్షన్ వస్తుంది. మొత్తం ఆ భాగం తీసేసి రెండించుల పైపుతో మళ్లీ చేశాం. గొట్టం నుంచి ఇరుసుకి రెండు వైపులా ఏటవాలు పైపులు ఇచ్చాం. ఇప్పుడు హాయిగా నడుపుతున్నాడు.

డీపీ కిట్ దొరక్కపోతే కిరసనాయిలు, సుద్ద చాలు. అతుకు దగ్గర పెయింటు తీసి, కిరసనాయిలు రాసి, పావుగంట ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే సుద్ద మీద తడి గీత కడుతుంది. అంత సన్నటి పగులు డీపీకి దొరికినట్టు దీనికి దొరకదు గానీ, ఏమీ చూడకపోవడం కంటే వెయ్యి రెట్లు మేలు. నడిపి వచ్చిన ప్రతిసారీ బండిని మంచినీళ్లతో కడిగి, తుడిచేటప్పుడు అతుకుల మీద వేళ్లు పోనిచ్చి చూడటం అలవాటు చేసుకోవాలి. ముదురు రంగు పెయింటు వేయకండి. తెలుపో, లేత పసుపో అయితే తుప్పు గీత వెంటనే కనబడుతుంది.

మన దగ్గర ఈ పని చేయగలిగేవాళ్లు లేరని ఎవరూ అనుకోవద్దు. విశాఖలో, కాకినాడలో, హైదరాబాదు పారిశ్రామికవాడల్లో పైపు వెల్డింగులో చేయి తిరిగినవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. వాళ్ల దగ్గర నేర్చుకున్న పనే ఇక్కడ నాకు అన్నం పెడుతోంది. కుర్రాళ్లు చేయాల్సిందల్లా గేట్ల షాపుకి కాకుండా అలాంటివాళ్ల దగ్గరికి వెళ్లడం, ఇది మనిషి ఎక్కే బండి అని ముందే చెప్పడం. కాలేజీల్లో ప్రాజెక్టుగా చేసేవాళ్లు ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్‌ని ఒకసారి పిలిచి అతుకులు చూపించండి. డిగ్రీ లేదని ఆయన్ని పక్కన పెట్టొద్దు. నడిపేది జనం తిరిగే బీచ్‌లో వద్దు. ఖాళీ మైదానంలో, హెల్మెట్ పెట్టుకుని, మొదట సగం తెరచాపతో నడిపి, ఆగి, అతుకులన్నీ చూసుకుని, అప్పుడు పూర్తి తెరచాప కట్టండి.

పైన చెప్పిన కాగితం అచ్చు బొమ్మ గీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. 48.3 మిల్లీమీటర్ల పైపు రెండు లంబంగా కలిసే చోటికి అది సరిపోతుంది. పేజీలో చోటు లేదని చిన్నది చేస్తే పనికిరాదు కాబట్టి, అడ్డంగా 152 మిల్లీమీటర్లు ఉండేలా అసలు కొలతతోనే వేయమని మనవి. బొమ్మ పక్కన 10 సెంటీమీటర్ల స్కేలు గీత కూడా గీశాను. కత్తిరించుకునేవాళ్లు ముందు ఆ గీతని తమ స్కేలుతో కొలిచి, సరిగ్గా 10 వచ్చిందని చూసుకుని అప్పుడు పైపుకి చుట్టమని కింద ఒక ముక్క రాయండి.

భవదీయుడు,
గాజువాక వెల్డర్,
కాల్గూర్లీ, పశ్చిమ ఆస్ట్రేలియా